ఆరు తెరల తోటలో తోటమాలి

ఒక కాగితపు తోటలో తోటమాలి ఉన్నాడా లేడా అన్న తగువు డెబ్బై ఎనిమిదేళ్లు నడిచి, చివరికి మా విభాగానికి వచ్చింది. దాన్ని తీర్చడం మా పని కాదు. మా పని పాత కాగితాలను బాగుచేయడం. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు బాగా తెలుసు. మా హెడ్ ఆ తేడాను నాకు రెండుసార్లు వివరించింది.

నేను న్యూజెర్సీలో ఒక చిన్న మ్యూజియంలో కాగితాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల పిల్లలు "ఆంటీ, మీరేం జాబ్ చేసేవారు?" అని అడిగితే "చిరిగిన కాగితాలు అతికించేదాన్ని" అంటాను. "ఓ, డాక్యుమెంటేషనా?" అంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. సరిదిద్దితే "దానికి జీతం ఇస్తారా?" అన్న రెండో ప్రశ్న వచ్చేది. అందుకని మానేశాను.

మీలో చాలామందికి చేసిన తప్పును వెనక్కి తీసుకునే మీట కీబోర్డు మీదే ఉంటుంది. కాగితానికి ఆ మీట లేదు. దాన్ని మేమే తయారు చేసుకోవాలి. మా వృత్తిలో మొదటి సూత్రం ఇది: నువ్వు చేసిన ప్రతి పనినీ నీ తరవాత వచ్చేవాళ్లు విప్పగలగాలి. అందుకే మేము బజారు గమ్ము వాడం. గోధుమ పిండిలోంచి తీసిన గంజిని ఉడికించి, వడగట్టి, దానితో అతికిస్తాం. గాలిపటాలకు రాసే మైదా జిగురుకు అది దగ్గరి చుట్టం. తడి తగిలితే మర్యాదగా వదిలిపోతుంది. ఈ సూత్రం గుర్తుంచుకోండి. కథలో దాని అవసరం పడుతుంది.

నేను రిటైరవడానికి ముందు ఏడాది, సెప్టెంబరులో ఒక మంగళవారం, ఒక పెద్దాయన స్నానపు తువ్వాలులో చుట్టిన చెక్కపెట్టె పట్టుకుని వచ్చాడు. వయసు ఎనభై మూడు. మనిషి పొడుగు, మోకాళ్లు వంగవు. పెట్టెను బల్ల మీద పెట్టి, తువ్వాలు మడత పెట్టి జేబులో కుక్కుకోబోయి, అది పట్టదని తెలిశాక భుజం మీద వేసుకున్నాడు. మాట్లాడినంతసేపూ అది అక్కడే ఉంది. ఆయనా, ఆయన అక్కా, మా హెడ్ మాట్లాడింది ఇంగ్లీషులోనే. నేను తెలుగులో రాస్తున్నాను.

పెట్టెలో ఉన్నది తోట. తిరునాళ్లలో కాశీపట్నం పెట్టె చూసినవాళ్లకు సులువుగా తెలుస్తుంది. పెట్టెలో తల దూర్చినట్టుగా చూస్తే లోపల ఒక ఊరు కనబడేది. ఇదీ ఆ జాతిదే, కాకపోతే ఇందులో బొమ్మలు తిరగవు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట జర్మనీలో అచ్చేసి, చేత్తో రంగులద్ది, కత్తిరించిన ఆరు కాగితపు తెరలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. పెట్టె పక్కగోడల్లో వాటికి గాడులు కోసి ఉంటాయి. మొదటి తెర ఒక పెద్ద కమాను. దానిలోంచి చూస్తే రెండో తెర మీద మెట్లు, మూడో తెర మీద ముగ్గులాంటి పూలమళ్లు, నాలుగో తెర మీద కత్తిరించిన పొదలు, ఐదో తెర మీద దిమ్మెల మీద నిలబెట్టిన విగ్రహాలు, అన్నిటికంటే వెనక ఆరో తెర మీద ఫౌంటెన్, ఆకాశం. పైనుంచి వెలుతురు పడితే తోట చాలా దూరం వెళ్లినట్టు అనిపిస్తుంది. నిజానికి వెళ్లేది రెండు వందల యాభై మిల్లీమీటర్లు.

అది రాజుల కాలపు తోట. అందులో ఏ చెట్టూ తన ఇష్టప్రకారం పెరగలేదు. కొన్ని శంఖంలా, కొన్ని బంతిలా, కొన్ని గోడలా ఉన్నాయి. నాకు మొదటి చూపులోనే నచ్చింది.

కానీ పెద్దాయన తెచ్చినప్పుడు తోట ఆ స్థితిలో లేదు. తెరలు గాడుల్లోంచి జారి ఒకదాని మీద ఒకటి పడి, రెండు అతుక్కుపోయి, ఒకటి చిరిగి, ఆ చిరుగు మీద ఎవరో వేసిన టేపు బెల్లం రంగుకు తిరిగి ఉంది.

"బాగవుతుందా?" అన్నాడు.

"అవుతుంది," అన్నాను.

"అయితే ఒక పని చేయండి. అందులో తోటమాలి ఉన్నాడేమో చూడండి."

ఆయన చెప్పిన సంగతి ఇది. చిన్నప్పుడు ఈ పెట్టె వాళ్లింట్లో ఫైర్‌ప్లేస్ మీద ఉండేది. ఆయనకు ఐదేళ్లు, అక్కకు పదేళ్లు. ఇంట్లో పిల్లలకు ఒకటే స్టూలు. పెద్దది కాబట్టి స్టూలు అక్కది. అక్క స్టూలెక్కి చూసేది. ఈయన మునివేళ్ల మీద నిలబడి, గడ్డం పైకెత్తి చూసేవాడు. ఒకరోజు భోజనానికి చుట్టాలు వచ్చినప్పుడు, తోటలో ఒక మాలి ఉన్నాడని, పొద వెనక కర్ర పట్టుకుని నిలబడ్డాడని వాళ్లకు చెప్పాడు. చుట్టాలు లేచి వచ్చి చూశారు. నాన్న చూశాడు. అక్క స్టూలెక్కి మళ్లీ చూసింది. ఎవరికీ మాలి కనబడలేదు. నాన్న ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి "నేను చెప్పింది అబద్ధం" అనిపించాడు. మరునాడు పెట్టె అటక మీదికి పోయింది. తల్లిదండ్రులు పోయాక అది అక్క ఇంటికి చేరింది. ఆవిడ మూత తీయనివ్వలేదు. తీస్తే మళ్లీ మొదలుపెడతావంది.

"ఇప్పుడు ఆవిడ ఇల్లు ఖాళీ చేసి వృద్ధుల హోమ్‌కి మారింది. పెట్టె నాకిచ్చింది. 'నీ మాలిని కూడా తీసుకుపో' అంది," అన్నాడు. "నేను కోర్టులో రిపోర్టరుగా చేశాను. ఉద్యోగమంతా ఇతరులు ప్రమాణం చేసి చెప్పింది రాసుకోవడమే. అందులో ఎన్ని అబద్ధాలో నాకు తెలుసు. నేను చెప్పినది మాత్రం అబద్ధం కాదు."

భుజం మీద తువ్వాలుతో ఒక మనిషి ఆ మాట అంటే నవ్వు రావాలి. నాకు రాలేదు.

మా విభాగంలో మేము ముగ్గురం. ఒకరు మా హెడ్. అమెరికన్, నాకంటే పదేళ్లు చిన్నది. ల్యాబులోకి మంచినీళ్లు కూడా రానివ్వదు. రెండోది నేను. మూడో అతను తెలుగు కుర్రాడు, కుర్రాడంటే ముప్పై ఆరేళ్లవాడు, కరీంనగర్ వైపువాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, బొమ్మలకూ పుస్తకాలకూ స్టాండ్లు, పెట్టెలు తయారుచేసే పనిలో స్థిరపడ్డాడు. మీటింగుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. కారెక్కగానే ఆంటీ అనేవాడు. ఇద్దరం ప్లెయిన్స్‌బరోలోనే ఉండేవాళ్లం. రోజూ అతని కారులోనే వెళ్లేదాన్ని.

ఆ సాయంత్రం కారులో తగువు సంగతి చెప్పాను.

"సెవెంటీ ఎయిట్ ఇయర్స్ వెయిటింగా?" అన్నాడు. "నా గ్రీన్ కార్డ్ క్యూ లెక్కనే ఉంది కదా ఆంటీ."

"నీకన్నా ముందున్నాడు. ఆయన పని ముందు చూద్దాం."

చూశాం. అతుక్కున్న తెరలను విడదీయడం, బెల్లం రంగు టేపు ఊడదీయడం, చిరుగుకు వెనకనుంచి పలచటి జపాన్ కాగితం వేసి గంజితో అతకడం. ఈ పని ఎలా జరుగుతుందో రాస్తే మీరు నిద్రపోతారు. రాయను. ఆరు తెరలనూ భూతద్దం కింద అంగుళం అంగుళం చూశాను. విగ్రహాలున్నాయి, నెమలి ఉంది, మెట్ల మీద ఒక కుక్క ఉంది. తోటమాలి లేడు. చెరిగిపోయిన జాడ కూడా లేదు.

"ఉండడు," అంది మా హెడ్. "నేను చూసిన ఇలాంటి తోటల్లో తోటమాలిని వేయరు. వేస్తే, ఇదంతా ఒకడు కత్తెర పట్టుకుని చేశాడని గుర్తొస్తుంది. రాజుగారి తోట దానంతటదే అలా పెరగాలి."

ఇక పెట్టె. పాత చెక్క పెట్టెలు కాగితానికి మంచివి కావు. చెక్కలోంచి వచ్చే ఆమ్లం కాగితాన్ని నెమ్మదిగా పసుపు చేస్తుంది. అందుకని మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, పాత పెట్టెను గోదాములో భద్రం చేసి, ఆమ్లం లేని అట్టతో అదే కొలతల్లో కొత్త పెట్టె చేస్తాం. ఇక్కడ కుర్రాడు కంప్యూటర్‌లో గీసి, యంత్రంతో కోయించాడు. గాడులు వెంట్రుకవాసి తేడా లేకుండా సమాన దూరాల్లో వచ్చాయి. తెరలు నిలబెట్టాం. చాలా బాగుంది. పెద్దాయన ఒప్పుకోవడంతో, మ్యూజియంలో నవంబరులో మొదలయ్యే ప్రదర్శనకు అదే ముఖ్యమైన వస్తువని హెడ్ తేల్చింది.

అక్టోబరు చివర్లో పెద్దాయన్ని పిలిచి చూపించాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, బల్ల ముందు నిలబడి చూశాడు. ఎడమకు జరిగి చూశాడు, కుడికి జరిగి చూశాడు. నాకు ఆయన వీపు మాత్రం కనబడుతోంది.

"చాలా చక్కగా చేశారు," అన్నాడు.

కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, "ప్రదర్శన మొదలయ్యే ముందు మా అక్క చూడటానికి వస్తానంది. ఆవిడ వచ్చినప్పుడు మీరెవరూ ఈ సంగతి ఎత్తకండి. ఆవిడే ఎత్తుతుంది," అన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "బాగుచేసినందుకు థాంక్స్," అన్నాడు. ఆయన మర్యాద చూస్తుంటే గొడవ పడినా బాగుండేదనిపించింది.

ఆ గురువారం పాత పెట్టెను గోదాముకు పంపాలి. పంపేముందు కొలతలు రాసి పెట్టడం నా అలవాటు. కుర్రాడు స్కేలు పట్టుకుని చదువుతున్నాడు.

"ఆంటీ, గిది చూడుండ్రి. ఫోర్త్‌కి ఫిఫ్త్‌కి మధ్యల నైన్‌టీన్ మిల్లీమీటర్లే ఉంది. ముందున్నయన్నీ ఫిఫ్టీ దగ్గర్నే. గీ కార్పెంటర్ మస్తు తాగి కోసిండు."

"ఐదోదానికీ ఆరోదానికీ?"

"ఎయిటీ టూ."

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు. టోటల్ టూ ఫిఫ్టీ, ఐదు గ్యాప్స్. ఫిఫ్టీ ఫిఫ్టీ పెట్టిన. హెడ్ మేడమ్‌కి చూపించిన, మీకూ చూపించిన. మంచిగుందన్నరు కదా."

అన్నాను. లెక్క సరైనదే. నలభై ఎనిమిది, యాభై ఒకటి, యాభై, పంతొమ్మిది, ఎనభై రెండు, కలిపితే రెండు వందల యాభై, ఐదుతో భాగిస్తే యాభై. మొత్తం సరిపోయింది కాబట్టి విడి అంకెలు ఎందుకలా ఉన్నాయని మా ముగ్గురిలో ఎవరూ అడగలేదు. ముగ్గురం శుభ్రంగా పనిచేసే మనుషులం. వంకరగా ఉన్నది కనబడితే సరిచేయకుండా మా చేతులు ఊరుకోవు. ఇంకెవరైనా అయితే ఆ పెట్టెను ఉన్నదున్నట్టు వదిలేసేవారు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఐదో తెర మీద ఆకుపచ్చ మిగతావాటికంటే కొత్తగా ఉంది. ఆ తెరకు మంచి రంగు వాడారనుకున్నాం. రంగు కాదు. ముందున్న తెర పంతొమ్మిది మిల్లీమీటర్ల దూరంలో ఆనుకున్నట్టు నిలబడటంతో దాని మీద వెలుతురు పడలేదు. వడ్రంగి తప్పో తెలివో తెలియదు గాని, ఆ తెరలు చాలాకాలం ఆ గాడుల్లోనే నిలబడ్డాయి. ఆ ఐదేళ్ల అబ్బాయి చూసిన తోట అది. మేం చేసింది వేరే తోట.

అసలు తెరలను ముట్టుకోకుండా, వాటి ఫొటోలు అదే సైజులో అచ్చు తీసి, కత్తిరించి, పాత పెట్టెలో నిలబెట్టాం. ముందు నేను చూశాను. మాలి లేడు. కుర్రాడు చూశాడు. లేడు.

"పాపం పెద్దాయన," అన్నాడు.

"స్టూలు అక్కది," అన్నాను.

"ఏంది?"

"స్టూలు అక్కది నాయనా. ఆయన కిందినుంచి చూశాడు. కిందికి వంగు."

అతను బల్ల ముందు గొంతుక్కూర్చుని, గడ్డం పైకెత్తాడు. చాలా నెమ్మదిగా, ఎవరో వింటారన్నట్టు, "ఆంటీ, ఉన్నడు," అన్నాడు.

నేను ఎత్తు తక్కువ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఉన్నాడు. ఎలా ఉన్నాడో చెబుతాను. కిందినుంచి చూస్తే ముందున్నవి పైకి లేచినట్టూ, వెనకున్నవి కిందికి దిగినట్టూ కనబడతాయి. నాలుగో తెర మీది పొద కొంచెం లేచి, ఐదో తెర మీది విగ్రహానికి దిమ్మెనూ కాళ్లనూ కప్పేసింది. రంగులద్దినవాళ్లు ఆ విగ్రహానికి రాతి రంగు వేయకుండా గోధుమ రంగు వేశారు. దిమ్మె లేకపోతే అది విగ్రహం కాదు, పొద వెనక నిలబడ్డ మనిషి. తీగ పాకడానికి నాలుగో తెర మీద పాతిన కర్ర సరిగ్గా అతని పిడికిట్లోకి వచ్చింది. వెనక ఫౌంటెన్ తొట్టి అతని తలకు కొంచెం పైన ఎక్కడో తేలుతోంది. మేము యాభై మిల్లీమీటర్లు పెట్టిన కొత్త పెట్టె ముందూ ఇలాగే కూర్చుని చూశాం. పొద మరీ ఎత్తుకు లేచి మనిషిని మొత్తం మింగేసింది. అంటే మా చక్కటి లెక్క ఆయన్ని ఇంకోసారి అబద్ధాలకోరును చేసింది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. వచ్చి చూడమన్నాను.

"రాను," అన్నాడు. "అక్కతోనే వస్తాను. నేను ముందు చూస్తే, నేనే పెట్టించానంటుంది."

"మా దగ్గర ఉన్నవి నకళ్లు. అవి చూపిస్తే సరిపోతుందా?"

"నకలు సాక్ష్యం కాదమ్మా."

అలా నేను హెడ్ గదిలోకి వెళ్లాల్సి వచ్చింది. అసలు తెరలను ఒక గంటసేపు పాత పెట్టెలో నిలబెట్టాలని అడిగాను.

"ఆ పెట్టె కాగితానికి విషం," అంది.

"మూడు వందల ఏళ్లు అందులోనే ఉన్నాయి."

"మూడు వందల ఏళ్లు సిగరెట్లు తాగినవాడు మానేశాక, ఇంకొక్కటే అని అగ్గిపెట్టె అందిస్తున్నావు. చూడు, మన పని కాగితాన్ని కాపాడటం. కుటుంబ తగువులు తీర్చడం కాదు." ఇది మొదటిసారి.

"కాగితం క్షేమంగానే ఉంది," అన్నాను. "తోటే లేదు. మనం ఆరు కాగితాలను కాపాడాం. ఆయన తెచ్చింది తోటను."

ఆవిడ మళ్లీ తేడా వివరించింది. రెండోసారి.

"విప్పలేని పని ఏదీ చేయకూడదని నాకు నేర్పింది మీరే," అన్నాను. "ఆరు తెరలనూ గాడుల్లోంచి తీసి గాడుల్లో పెట్టడం విప్పలేని పని కాదు. 'నేను చెప్పింది అబద్ధం' అని ఐదేళ్లవాడిచేత చెప్పించారు చూశారా, అది ఎవరూ విప్పలేకపోతున్నారు."

ఆవిడ పెన్ను మూత పెట్టింది, తీసింది. "గంట. నువ్వే పెడతావు, నువ్వే తీస్తావు. ఇంకో షరతు. ఎవరూ వాళ్లకు ఎలా చూడాలో చెప్పకూడదు. చూపిస్తే కనబడటం వేరు, కనబడటం వేరు."

ఆ షరతుకు ఒప్పుకున్నాక ఇంటికెళ్లి ఆలోచిస్తే చిక్కు అర్థమైంది. కిందినుంచి చూడమని చెప్పకూడదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి తనంతట తాను బల్ల ముందు వంగదు. వంగకపోతే మాలి లేడు. ఆయన అక్క మళ్లీ స్టూలెక్కినట్టే. ఈసారి ఒక మ్యూజియం సాక్షిగా.

"బల్ల హైట్ పెంచుదాం ఆంటీ," అన్నాడు కుర్రాడు కారులో.

"అదీ చెప్పడమే."

"మీరు మరీ స్ట్రిక్ట్."

"మాటిచ్చాను. నువ్వు రోడ్డు చూడు."

చివరికి బల్ల ముందు ఒక పొట్టి కుర్చీ వేసి ఉంచాను. ముసలివాళ్లకు కుర్చీ వేయడం మర్యాద. సూచన కాదు. హెడ్ ఆ కుర్చీ వంకా నా వంకా చూసింది.

వాళ్లు నవంబరులో మొదటి శుక్రవారం, పదింటికి రావాల్సినవాళ్లు, పది నిమిషాలు ముందే వచ్చారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ముందు చక్రాల కుర్చీ వచ్చింది. అందులో సన్నటి మనిషి, ఎర్ర స్వెటర్, ఒళ్లో తోలు సంచీ. వెనకనుంచి తమ్ముడు తోస్తున్నాడు. అక్కకు చక్రాల కుర్చీ ఉందని ఆయన మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

కుర్రాడు నేను వేసిన పొట్టి కుర్చీని తీసి గోడవారన పెట్టాడు.

"ఇది అదే పెట్టె," అంది ఆవిడ, ఎవరికీ నమస్కారం గాని పలకరింపు గాని లేకుండా. "ఎడమ మూల ఆ చెక్క లేచింది నావల్లే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను, ఎవరి తప్పు వాళ్లు ఒప్పుకోవాలని పిల్లలకు చెప్పేదాన్ని." తమ్ముడి వైపు తల తిప్పకుండానే, "ఇంతకీ ఏమంటున్నారు వీళ్లు? ఉన్నాడా నీ మాలి?"

"వాళ్లనేమీ అడగొద్దు. నువ్వు చూడు."

"చూస్తాను. లేడని చెప్పి కాఫీ తాగుతాను."

ఆయన కుర్చీని బల్ల దగ్గరికి తోసి, చక్రానికి బ్రేకు వేసి, పక్కకు తప్పుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ కళ్లు బల్ల అంచుకు రెండు వేళ్లు పైన ఉన్నాయి. ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చుని నేను చూసిన ఎత్తుకంటే తక్కువ. నడుము ఒంగిపోయిన మనిషి. గడ్డం పైకెత్తింది.

మా నలుగురిలో ఎవరూ కదల్లేదు. మా హెడ్ చేతులు కట్టుకుని ఉంది. కిటికీ దగ్గర ఆయన భుజాలు మాత్రం కొంచెం పైకి లేచి ఉన్నాయి, చలేసిన మనిషిలా.

ఆవిడ చాలాసేపు చూసింది. తల తిప్పకుండానే అంది:

"టోపీ పెట్టుకున్నాడు."

"ఎవరు?" అన్నాడు ఆయన కిటికీకేసి.

"ఎవరేమిటి, అతనే. ఇంత వెడల్పు అంచు టోపీ. టోపీ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు."

"చెప్పాను."

"చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు గుర్తుండేది. నీకు మొదటినుంచీ..." అని ఆగింది. సంచీ పట్టీ సర్దుకుంది. "కర్ర చెప్పావు. పొద చెప్పావు. అవి నిజం. టోపీ చెప్పలేదు."

"నాన్న చెప్పనిచ్చాడా?"

"నాన్న కూడా నిలబడే చూశాడు," అంది కాసేపయ్యాక, ఎవరితోనో తెలియకుండా.

ఇద్దరిలో ఎవరిది సరో చెప్పగల మనిషిని ఆ గదిలో నేనే. ఐదేళ్లవాడు మునివేళ్ల మీద నిలబడినప్పుడు ఫౌంటెన్ తొట్టి మాలి తలకు పైన తేలుతూ ఉండి ఉంటుంది. ఇంకా కిందికి దిగితేనే అది తల మీద టోపీలా కూర్చుంటుంది. కాబట్టి ఆయన టోపీ చూసి ఉండడు, చెప్పీ ఉండడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. టోపీ ఉందా లేదా అనుకుంటూనే వాళ్లు లిఫ్టెక్కారు.

తలుపు మూసుకోగానే కుర్రాడు నేల మీద దాదాపు పడుకుని చూసి, "ఆంటీ, టోపీ ఉన్నది," అన్నాడు. మా హెడ్ గడియారం చూసి, గంటలో ఇంకా పన్నెండు నిమిషాలున్నాయని, స్కర్టు సర్దుకుని తానూ నేల మీద కూర్చుంది. లేవడానికి ఇద్దరం సాయం పట్టాం. లేచాక ఆవిడ అన్న మాట: "కొత్త పెట్టె మళ్లీ కోయండి. పంతొమ్మిది, ఎనభై రెండు."

కోశాడు. ప్రదర్శనలో పెట్టింది అదే. లేబుల్ మీద తోటమాలి ప్రస్తావన లేదు. చిన్నపిల్లలకూ, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్లకూ కనబడతాడు. నిలబడి చూసేవాళ్లు తోట బాగుందని వెళ్లిపోతారు.

ఇక్కడ వరస తప్పాను, సరిచేస్తాను. వాళ్లు లిఫ్టెక్కడానికి ముందు ఇంకొకటి జరిగింది. అక్కగారు చూడటం అయ్యాక, ఆయన బల్ల దగ్గరికి రాలేదని నేను గమనించాను. మోకాళ్లు వంగవు కదా. గోడవారనున్న పొట్టి కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాను. షరతు ముగిసింది కాబట్టి చెప్పొచ్చు. "ఇందులో కూర్చుని, గడ్డం ఎత్తి చూడండి. మేం పట్టుకుంటాం," అన్నాను.

ఆయన కుర్చీ వంక చూశాడు. వంగి, అక్క చక్రానికి వేసిన బ్రేకు తీశాడు.

"అక్కర్లేదమ్మా," అన్నాడు. "నేను చూశానుగా."